మొగం బీడు పెట్టకూడదంట

నా మొగం వంకర. నా కత రాసుకుంటానంటివి కదా పాపా, ముందు ఆ మాట రాయి, దాచేదేం లేదు. ముక్కు ఎడమచెంప దిక్కు తిరిగుంటాది. కుడికంటి రెప్ప సగానికి వాలి ఆడ్నే నిలబడిపోయింది. పడుచోడిగా ఉన్నప్పుడు ఒక పొట్టేలు గుద్దితే ఇట్లయింది. ఆ పొట్టేలు పుణ్యాన్నే నేను ఇన్నాళ్లు బతికినా.

యాలంటే నేను పొట్టేళ్ల దళారిని. మా ఆదివారం సంతలో బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతారు. తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకొనేదే మాట. వేలు గట్టిగా పట్టుకుంటే సరే అని, ఇడిచిపెడితే కాదు అని. సుట్టూ నిలబడినోళ్లకి ఏమీ తెలీదు. తెలుసుకోవల్లంటే మొగమే సూడల్ల. ఒకనికి కనుబొమ్మ లేస్తాది, ఒకనికి మూతి బిగుసుకుంటాది, అంతే, లోపలి గుట్టంతా బయటపడ్తాది. నా మొగం సూసినోనికి మాత్రం ఏమీ దొరకదు. నేను నిద్రపోతాండానా, నగుతాండానా, ఏడుస్తాండానా, మా సుంకమ్మకే ఇప్పటికీ తెలీదు. పెండ్లినాడు కూడా నేను నగినానంటే నమ్మదు ఆమె.

అట్లాంటి మొగం పెట్టుకొని నెమ్మదిగా బతుకుతాంటే, బొడ్డు మోసం చేసింది.

మొదట రేగ్గాయంత లేచింది. తర్వాత నిమ్మకాయంత అయింది. దగ్గితే బయటికొస్తాది, పండుకుంటే లోపలికి పోతాది. నొప్పి సంగతి అట్లుంచు. మంచి పొట్టేలు కనపడితే నాకు కడుపులో ఊపిరి బిగుసుకుంటాది. మొగంలో ఏమీ తెలీదు గానీ, ఊపిరి బిగిసినప్పుడల్లా ఆ బొడ్డు అంగీ కిందనుంచి టప్పుమని బయటికి దూకుతాది.

దాన్ని ముందు కనిపెట్టినోడు ఓబులేసు. మా పక్కూరోడు, నా మాదిరే దళారి. వయసులో నాకంటే శానా చిన్నోడు. ఒక ఆదివారం నేను పొట్టేలు పళ్లు సూస్తాంటే వాడు నా మొగం సూడకుండా నా కడుపు సూస్తాండాడు.

"ఏందిరా, ఆడేం రాసిపెట్టినారు?" అంటి.

"అన్నా, నీ మొగానికి నిజం రాదు, నీ బొడ్డుకి అబద్ధం రాదు," అన్యాడు వాడు.

మళ్లీ వారానికి సంతంతా తెలిసిపోయింది. నేను జీవం దగ్గరికి పోతే చాలు, పెద్దపెద్దోళ్లు కూడా నా ముందర గొంతుక్కూచ్చొని కడుపు దిక్కు సూసేది. బొడ్డు లేచిందంటే ఆ పొట్టేలి ధర లేచిందన్నమాటే. పంచె పైకి కట్టి సూసినా. దుప్పటి కప్పుకొని సూసినా. ఎండాకాలం దుప్పటి కప్పుకున్న దళారి దగ్గరికి ఎవరొస్తారు?

ఊర్లో సూదిమందు డాక్టరుకి సూపిస్తే ఆయన వేలితో లోపలికి నెట్టి, "తాతా, ఇది హెర్నియా. పేగు బయటికొచ్చి మెలిపడిందంటే పానానికే వస్తాది. పెద్దాసుపత్రికి పోయి కోయించుకో" అన్యాడు. సరే, పానమూ నిలుస్తాది, సంతా నిలుస్తాది, అని బయల్దేరితి.

ఆసుపత్రి కిటికీ కాడ ఒకమ్మ కూచ్చోనుంది.

"వ్యాధి ఏమి?" అనింది.

"బొడ్డు తల్లీ."

"అందం ఏమి?"

"యా అందం?"

"వ్యాధికి జతగా అందం చెప్పల్ల తాతా. అందం లేకుండా మత్తియ్యరు."

ముసలోన్ని సూసి ఎగతాళి చేస్తాందేమో అనుకుంటి. ఎనకాల వరసలో ఉన్నోళ్లు మాత్రం నగలేదు. ఒకాయన నా భుజం తట్టి, "ముక్కు అని చెప్పు తాతా, ముక్కయితే బిరీన పంపిస్తారు," అని సాయం చెప్పినాడు. ఇంకొకామె "యాల, గడ్డం కింద గుంట చెప్పమను, నొప్పి తక్కువంట," అనింది. నేను ఏమీ చెప్పకపోతిని. అప్పుడు నన్ను లోపల ఒక గదిలోకి తోలినారు.

ఆ గదిలో సమన్వయాధికారి సదాశివమూర్తి గారు ఉండారు. ఆయన నిన్నమొన్నటిదాకా వ్యవసాయం ఆఫీసులో పనిచేసి, ఆసుపత్రికి బదిలీ అయి వచ్చినాయన. వచ్చిన దినమే ఆపరేషను గది సూసినాడంట. ఎవరికో కడుపు కోస్తాండారు. అందరూ కడుపు దిక్కు సూస్తాంటే, ఈయనొక్కడే పేషెంటు మొగం దిక్కు సూసినాడు. మొగం ఊరికే పండుకోనుంది. అది సూసి ఆయనకి అన్నం సయించలేదంట.

"కూర్చొనుడు కుళ్లాయప్ప గారూ," అన్యాడు. నన్ను 'గారు' అన్నోడు అప్పటిదాకా ఎవరూ లేరు. అందుకే నాకు భయమైంది.

"మత్తు అనునది ప్రజల ఉమ్మడి సంపద. ఒక రోగిని నాభి నిమిత్తమై నిద్రలోనికి పంపినప్పుడు, తత్సమయమున అతని ముఖమండలము ఏమి చేయుచుండును?"

"నిద్రపోతాంటాది సారూ."

"అదియే మా ఆవేదన. సాగుయోగ్యమైన ముఖము బీడుగా పడి ఉన్నది." ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మీరు వేరుశనగ వేయుదురా?"

"ఏస్తాం సారూ."

"సాళ్ల నడుమ ఏమి వేయుదురు?"

"కంది."

"ఏ కారణమున?"

"నడుమ నేల ఊరికే ఉంటాది కదా సారూ."

"చూచితిరా! పథకమును మీ నోటనే పలికితిరి!" అని బల్ల మింద కొట్టినాడు. "ప్రధానపంట నాభి. అంతరపంట ముఖము. ఒక్క మత్తు, రెండు ఫలసాయములు."

సంతలో ఎవరికీ చిక్కనోన్ని, ఆయన నన్ను పట్టుకొని కందిచెట్టుకి కట్టేసినాడు.

"మొగంలో ఏమేస్తారు సారూ?" అంటి.

"మీ ముఖమునందు అవకాశములు అపారము. ముక్కునకు ఋజుత్వము. రెప్పకు ఉద్ధరణ. పెదవులకు ప్రసన్నత. అనగా శాశ్వతమైన చిరునవ్వు."

"నా బతుకు ఈ వంకరలోనే ఉండాది సారూ. అది సరయితే నేను సంతకి పనికిరాను. బొడ్డొకటి సరిచేసి ఇడిచిపెట్టండి."

ఆయన కండ్లద్దాలు తీసినాడు. "అనగా మీరు అభివృద్ధికి వ్యతిరేకులా?"

"కాదు సారూ. పొట్టేళ్ల దళారిని."

"కుటుంబసభ్యులతో సంప్రదించి రండు. అందము లేని వ్యాధిని ఈ ఆసుపత్రి స్వీకరించజాలదు," అని లేచినాడు.

సంప్రదించమన్నారు కాబట్టి ఇంటికొచ్చి సంప్రదిస్తిని.

సుంకమ్మ బియ్యం చెరుగుతా అంతా ఇనింది. చేట కింద పెట్టి గట్టిగా నగింది. "ఈ వయసులో ముక్కు సరిచేసుకొని ఎవరికి సూపిచ్చల్ల? ఆ పొట్టేళ్లకా?"

"అదే నేనూ అంటి."

ఆమె తిరగా చేట పట్టుకొనింది. రవ్వసేపు చెరిగింది. ఆపింది. నా దిక్కు సూసింది. దగ్గరికొచ్చి, తల అటు తిప్పి ఇటు తిప్పి సూసింది. నేను జీవాల్ని సూసే మాదిరి.

"అయినా, వాళ్లంతట వాళ్లే చేస్తామంటాంటే," అనింది, "చెవులు కూడా అడగరాదా?"

"చెవులకేమయింది?"

"ఏం కాలేదు. పెండ్లిసూపుల నాటినుంచీ అట్లే ఉండాయి."

"అట్లే అంటే ఎట్ల?"

"చేట మాదిరి. మా నాయన ఆ పొద్దే చెప్పినాడులే. పిల్లోడు బుద్ధిమంతుడు, చెవులు సూడొద్దమ్మా అని. నేను సూడలేదు. ఇన్నాళ్లూ సూడలేదు."

నేను చెవులు తడిమి సూసుకుంటి. మా కొడుకు మారెప్ప ఎద్దులకి నీళ్లు పెట్టి వచ్చి, "నాయనా, ముక్కు పోతే పోనీ. పానం ముఖ్యం," అన్యాడు.

"ముక్కు పోతే సంత పోతాది కదరా. సంత లేకుండా పొద్దున లేచి నేను యాడికి పోవల్ల?"

"బొడ్డు అట్లే ఉన్నా సంత పోతాది కదా నాయనా. దానిమింద పానం కూడా పోతాది."

వాడు చెప్పేది నిజమే. కోయించుకోకపోతే బొడ్డు చంపుతాది. కోయించుకుంటే మొగం చంపుతాది. రెండిట్లో ఏదో ఒకటి ఒప్పుకోవల్ల. ఒప్పుకునే దానికి నాకు నోరు రాలేదు. రేపు చెప్తా, మాపు చెప్తా అని నెట్టుకొస్తాంటి.

ఆ నడుమలోనే ఓబులేసుకి అపెండిసైటు నొప్పి వచ్చి అదే ఆసుపత్రికి పోయినాడు. వాడు పడుచోడు కదా, ఆలోచించలేదు. ప్రసన్నత ఒప్పుకున్నాడు.

తిరిగొచ్చిన దినం వాళ్లూరికి అందరూ పోయి సూస్తిమి. మూతి రెండు పక్కలా పైకి లేచి, పండ్లు రవ్వంత కనపడతా, సల్లగా నగుతాండాడు. వాని పెండ్లాం పొంగిపోయింది. "మా ఆయన ఇంటికొస్తానే నగుతాండాడు సూడండి," అని ఇంటింటికీ చెప్పుకొనింది.

నాలుగు దినాలు బాగుండె. అయిదో దినం వానికి పిల్లనిచ్చిన మామ కాలం చేసినాడు. ఓబులేసుకి ఆ మామంటే పానం. పరిగెత్తుకుంటా పోయి శవం పక్కన నిలబడినాడు. అందరూ తల కొట్టుకొని ఏడుస్తాంటే అల్లుడు పండ్లు కనపడతా నగుతాండాడు. బావమరుదులు ముగ్గురూ వాన్ని రెక్కలు పట్టి ఈదిలోకి తోసినారు. ఈదిలో పడి కూడా నగుతాండాడని ఇంకా రెండు తగిలిచ్చినారు.

సంతలో ఇంకా గోరం. కొనేవాడు వాని మొగం సూసి, వీడు ఇంత సంతోషంగా ఉండాడంటే నన్ను ముంచినాడు అని చేయి వెనక్కి లాక్కొనేది. అమ్మేవాడూ అంతే. వాని తువ్వాలు కింద చేయి పెట్టేవాడు లేకపోయె.

ఒక ఆదివారం నా పక్కన వచ్చి కూచ్చున్నాడు. "అన్నా, నేను ఏడుస్తాండా," అన్యాడు. వాడు చెప్తే గానీ నాకు తెలీలేదు.

అది సూసినాక మొగం ఇచ్చేదానికి మనసొప్పలేదు. నొప్పి మాత్రం నా ఒప్పుకోలు కోసం కాసుకోలేదు. ఒక పొద్దు బొడ్డు బయటికొచ్చి, పండుకున్నా లోపలికి పోలేదు. సాయంత్రానికి గానీ సర్దుకోలేదు. సుంకమ్మ నగడం మానేసింది. చెవుల మాట కూడా ఎత్తలేదు. మారెప్ప ఆటో పిలుచుకొచ్చినాడు.

ఈసారి ఆసుపత్రి గుమ్మం మింద పెద్ద బోర్డు ఉండాది. మారెప్ప సదివినాడు. 'ముందు ముఖము' అని.

"ప్రజాస్పందన అపూర్వము," అన్యాడు సదాశివమూర్తి గారు. మనిషి శానా సంతోషంగా ఉండాడు. "ముఖములు మంచి దిగుబడి ఇచ్చుచున్నవి. వ్యాధులలో అంత ఫలసాయము కానరాదు. పైగా వ్యాధి నయమైనచో బయటకు కనపడదు, ఫొటోకు రాదు. కావున ముఖమును ప్రధానపంటగాను, వ్యాధిని అంతరపంటగాను మార్చితిమి."

"అంటే నా బొడ్డు సారూ?"

"ముఖము పూర్తియైన పిదప సమయము మిగిలినచో చేయుదురు. అంతరపంటకు మేము పూచీపడజాలము."

వార్డులోకి పోతే నాకు సంగతి అర్థమాయె. నా పక్క మంచం మింద ఒకాయన కాలికి కట్టెలు కట్టుకొని పండుకోనుండాడు. బుగ్గమింద సొట్ట పెట్టినారు. శానా అందంగా ఉండాది.

"కాలు?" అంటి.

"వచ్చే పంటకారుకి చేస్తామన్నారు," అని మూలిగినాడు. మూలిగితే సొట్ట ఇంకా బాగా పడె.

అవతల పక్క పిత్తాశయంలో రాళ్లున్న ఒకామె. ఆమెకి కనుబొమ్మలు పైకి ఎత్తికట్టినారు. రాళ్లు అట్లే ఉండాయి. ఎవరేం చెప్పినా ఆశ్చర్యపోతానే ఉంది.

వరండాలో ఒక పడుచుపిల్ల ఏడుస్తాంది. ముక్కు సరిచేసుకొనేదానికి వచ్చిందంట. జబ్బు లేదని ఎనక్కి పంపించినారంట. సదాశివమూర్తి గారు ఆమెకి బుద్ధి చెప్తాండాడు. "చదువుకొన్నదానవు, ఒక్క వ్యాధియైనా లేకుండ ఎట్లు వచ్చితివి? కనీసము అజీర్ణము?" ఆ పిల్ల కండ్లు తుడుచుకొని, రెండు జబ్బులున్న ఒక పెద్దాయన దగ్గరికి పోయి, "తాతా, ఒకటి నాదని చెప్పుకుంటా," అని బతిమాలుతాంది. ఆయన ఇచ్చేదానికి ఒప్పుకోలేదు. రెండూ అలవాటైపోయినాయంట.

అంతలో సర్వే ఆయన వచ్చినాడు. నా మొగం మింద నీలంరంగు పెన్నుతో గీతలు గీసినాడు. ముక్కు మింద ఒక సాలు, రెప్ప మింద ఒక సాలు, మూతికి రెండు పక్కలా రెండు సాళ్లు. సుంకమ్మ పక్కన నిలబడి సూస్తా ఉండి, ఉండబట్టలేక, "సారూ, చెవులు?" అనింది.

"గట్లు ఈ సర్వేలోకి రావమ్మా," అన్యాడు ఆయన.

ఆ మొగంతోనే నన్ను ఆపరేషను చేసే డాక్టరు దగ్గరికి తీసుకుపోయినారు. ఆయన పేరు వన్నూరుస్వామి. సదాశివమూర్తి గారు కూడా ఎనకాల్నే వచ్చి నిలబడినారు. డాక్టరు నా మొగం దిక్కు సూడలేదు. అంగీ ఎత్తి బొడ్డు సూసినాడు. వేలితో మెల్లిగా నెట్టినాడు. శానా దినాలకి సొంత మనిషిని సూసినట్ల ఆయన కండ్లు మెరిసినాయి.

"హెర్నియా!" అన్యాడు. "ముక్కులు చేసీ చేసీ, మళ్లీ ఒకటి సూస్తానో లేదో అనుకున్నా పెద్దాయనా. పేగు ఇరుక్కుంటాందే. ఇది ఆగేది కాదు."

"ఆగదు గాక," అన్యాడు సదాశివమూర్తి గారు, "వరుస తప్పరాదు. ముందు ముఖము."

డాక్టరు నా దిక్కు తిరిగినాడు. నా భుజంమింద తువ్వాలు సూసినాడు.

"యా సంత పెద్దాయనా?"

"ఆదివారం సంత సారూ. పొట్టేళ్లు."

"మా అబ్బ కూడా ఆడికే వచ్చేవాడు," అని, నా చేయి పట్టుకొని, "నాడి సూడల్ల. చేయి సల్లగా ఉండాది," అన్యాడు. అని నా తువ్వాలే తీసి మా ఇద్దరి చేతుల మింద కప్పినాడు.

ఆసుపత్రిలో కూచ్చోని నేను సంతలో ఉండా.

తువ్వాలు కింద ఆయన నా చూపుడువేలు పట్టుకొని, కంటితో నా ముక్కు దిక్కు సూసినాడు. నేను వేలు ఇడిపిచ్చుకుంటి. నడిమివేలు పట్టుకొని నా కడుపు దిక్కు సూసినాడు. నేను గట్టిగా పట్టుకుంటి. అప్పుడాయన ఆ రెండు వేళ్లనీ ఒకదాని మింద ఒకటి మెలేసి, అటిది ఇటు, ఇటిది అటు తిప్పినాడు. మా సంతలో దానికి అర్థం ఒకటే. మారుబేరం. నీ జీవం ఈడికి, నా జీవం ఆడికి.

అర్థం కావడానికి నాకు రవ్వసేపు పట్టె. అర్థమైనాక, ఉన్న బలమంతా పెట్టి ఆయన వేళ్లు పట్టుకుంటి.

సదాశివమూర్తి గారు నా మొగంలోకి సూస్తాండారు. ఆడ ఏమీ దొరకలేదు. కానీ సంతోషం ఎక్కువై కడుపులో ఊపిరి బిగుసుకొని, బొడ్డు టప్పుమని బయటికి దూకె.

"అదేమి?" అని ఆయన అడుగు ఎనక్కి ఏసినాడు.

"అదే సార్ నేను కూడా చెప్పబోతాండా," అన్యాడు డాక్టరు, తువ్వాలు తీసి మడతపెడతా. "ఈ నాభి చాలా వికారముగా ఉన్నది. దీనిని సుందరీకరించవలెను."

"నాభి... సుందరీకరణ?"

"అవును సార్. ముఖములు అందరూ చేయుచున్నారు. నాభిని ఇంతవరకు ఎవ్వరూ చేయలేదు."

సదాశివమూర్తి గారు కండ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకొని, వంగి నా బొడ్డుని సూసినాడు. నాకు ఇంకా దగ్గు వస్తాంది గానీ బిగబట్టుకుంటి.

"ఎవ్వరును?"

"ఎవ్వరును సార్. ఇది ప్రథమము."

"మరి వ్యాధి?"

"ముక్కు సార్. వంకర వలన గాలి సరిగా ఆడదు. అది వ్యాధి."

"వ్యాధికి చికిత్స?"

"ఆవిరి సార్."

ఆయన శానాసేపు ఆలోచించినాడు. నా పానం, నా సంత, రెండూ ఆయన కనుబొమ్మల నడుమ ఏలాడుతాండాయి. కడాకు తల పైకెత్తినాడు.

"ప్రధానపంట నాభి. అంతరపంట ఆవిరి. పథకమునకు లోబడియే ఉన్నది. కానిండు."

అట్ల నన్ను బల్లమింద పండుకోబెట్టినారు. మూతికి మత్తుగొట్టం పెట్టినారు. నాకు లోకం మసకగా అవుతాంటే తలుపు తెరుచుకునె. టోపీ పెట్టుకొని సదాశివమూర్తి గారు లోపలికొచ్చినారు, మొదటి నాభిని సూసేదానికి. నా తల దగ్గరికొచ్చి ఆగినారు.

"డాక్టరు గారూ," అన్యాడు, "నాభి జరుగుచుండగా, ఈ ముఖము ఊరికే ఉన్నదే?"

లేచి పరిగెత్తల్ల అనుకుంటి. కాలు కదలలేదు. అంతటితో నాకు అన్నీ మూసుకుపోయె.

కండ్లు తెరిచేసరికి మొగం మింద ఏదో తడిగా, బరువుగా ఉండాది. కట్టు కట్టినారనుకుంటి. అయిపోయింది కుళ్లాయప్పా, ఇంక నువ్వు కూడా సచ్చినోళ్ల ఇండ్లకాడ నగుతావు అనుకుంటి. చేయి పెట్టి లాగితే, కట్టు కాదు. నా తువ్వాలే. కింద ముక్కు తడిమినా. ఎడమచెంప దిక్కు తిరిగుండాది. రెప్ప తడిమినా. సగంలోనే ఉండాది. సంతోషంతో ఏడ్చేస్తి. నర్సమ్మ వచ్చి సూసి, "తాత ఇంకా నిద్రలోనే ఉండాడు," అని పోయె.

తర్వాత ఆమే చెప్పింది. సారు ఆ మాట అనంగానే డాక్టరు నా తువ్వాలు నా మొగం మింద కప్పి, పక్కన నీళ్లపాత్ర మరగబెట్టించి పొగ తోలించినాడంట. "ముఖము ఊరికే లేదు సార్. ఆవిరి పని జరుగుచున్నది. సాగులో ఉన్నది," అన్యాడంట. సారు తువ్వాలు దిక్కు సూసినాడు, పొగ దిక్కు సూసినాడు. బీడు లేదని నమ్మకం కుదిరి, డాక్టరు చేయి కుదిపి పోయినాడంట.

బొడ్డు సూసుకుంటి. నేలచదునుగా ఉండాది.

కుట్లు మానినాక పెద్ద సభ పెట్టినారు. పెద్దోళ్లు వచ్చినారు. దీపం ముట్టిచ్చినారు. నన్ను స్టేజీ మింద నిలబెట్టి అంగీ ఎత్తి పట్టుకోమన్నారు. దండ తెచ్చి మెడలో ఏయబోతే సదాశివమూర్తి గారు ఆపినాడు. సన్మానము నాభికి, కంఠమునకు కాదు, అన్యాడు. నడుముకి కట్టినారు. ఫొటో తీసేటప్పుడు మాత్రం మెడ కాడ్నుంచి కిందికే తీసినారు. నా మొగం పడితే పథకానికి పరువు తక్కువంట.

సుంకమ్మ కిందనుంచి అంతా సూసింది. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో, "అంత పెద్దోళ్ల దగ్గరికి పోయి, చెవులు మాత్రం అట్లే తెచ్చుకున్నావు," అనింది. అనేసి, పక్కకి తిరిగి పైటకొంగుతో కండ్లు ఒత్తుకొనింది.

సదాశివమూర్తి గార్ని ఇప్పుడు రోడ్ల ఆఫీసుకి మార్చినారంట. రోడ్లు రాత్రిపూట ఊరికే పండుకోనుంటాయని ఆయన దిగులుగా ఉండాడని చెవిన పడింది. పథకం మాత్రం ఆసుపత్రిలో అట్లే జరుగుతాంది.

నేను సంతకి పోతిని. మంచి పొట్టేలు, కొండగొర్రె మాదిరి ఉండాది. తువ్వాలు కప్పితి. అందరూ వచ్చి నా కడుపు ముందర గొంతుక్కూచ్చునిరి. శానాసేపు సూస్తిరి. ఏమీ లేవలేదు. మొగం సూస్తిరి. ఆడ ఎప్పుడూ ఏమీ లేదు. ఒక్కొక్కడే మోకాళ్లు పట్టుకొని లేచి పోయిరి.

ఓబులేసు మాత్రం పోలేదు. కంచె కాడ కూచ్చోని నా దిక్కే సూస్తా నగుతాండాడు.

వాడు పాత మూతి కావల్లని ఆసుపత్రికి పోయినాడంట. కిటికీ కాడ ఆయమ్మ, "మూతి మార్చేది అందం కిందికి వస్తాది. జతగా జబ్బు తీసుకోని రా," అనిందంట. వానికి ఉన్న ఒక్క అపెండిసైటు ముందే తీసేసినారు. అప్పటినుంచి వాడు జబ్బు కోసం సూస్తాండాడు. వానలో తడిసినాడు. పాసిపోయిన సంగటి తిన్యాడు. దగ్గేవాళ్ల పక్కన పండుకున్యాడు. తుమ్ము కూడా రాలేదు. రాగిసంగటి తిని కొండలెక్కే మనిషికి జబ్బు యాడనుంచి వస్తాది?

ఇప్పుడు ప్రతి ఆదివారం మేమిద్దరం ఒక పక్కన నిలబడి తువ్వాలు కప్పుకుంటాం. సుట్టూ జనం మూగుతారు, ఏదో పెద్ద బేరం అని. నేను వాని చిటికినవేలు పట్టుకుంటా. ఏమన్నా వచ్చిందా అని. వాడు ఇంకో చేత్తో కడుపు ఒత్తుకొని సూసుకుంటాడు. గొంతు సవరించుకొని సూసుకుంటాడు. ఊపిరి పీల్చి సూసుకుంటాడు. ఆశగా రవ్వసేపు ఆగుతాడు. తర్వాత మెల్లిగా వేలు ఇడిచిపెడతాడు.

పాపం, గుండ్రాయి మాదిరి ఉండాడు. మొగం నిండా నగుతాండాడు.